పాఠ్యబ్రౌజర్లు – అంతర్జాలంలో తెలుగు అక్షర చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

బొమ్మలను, రంగులను, ఫాంట్ల సోయగాలను పక్కనపెట్టి కేవలం అక్షరాలను మాత్రమే తెరపై చూపే బ్రౌజర్లను పాఠ్యబ్రౌజర్లు అంటారు. కమాండ్ లైను నుంచి పనిచేసే ఈ సాధనాలు అంతర్జాలం పుట్టుకతోనే పుట్టి, నేటికీ వాడుకలో ఉన్నాయి. 1990ల నుంచి తెలుగు అంతర్జాలంలో రోమను లిపిలోను, ఫాంటు సంకేతాలలోను, బొమ్మల రూపంలోను, యూనికోడులోను నిలిచింది. ఈ నాలుగు రూపాలు పాఠ్యబ్రౌజరులో ఎలా కనిపిస్తాయో పరిశీలించి, ఏ రూపంలోని తెలుగు కాలానికి తట్టుకొని నిలిచిందో, ఎందుకు నిలిచిందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పాఠ్యబ్రౌజరు, లింక్స్, ఆర్.టి.ఎస్., ఇస్కీ, యూనికోడు, ఫాంటు సంకేతం, విజయవాడ ముద్రణ, డిజిటల్ భద్రత.

1. ఉపోద్ఘాతం:

విజయవాడ నగరానికి పడమటి దిక్కున, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణానది ఎడమ ఒడ్డున, హైదరాబాదు వెళ్ళే రహదారి పక్కన ఉన్న ప్రాంతం భవానీపురం. ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్రను రాయదలచిన పరిశోధకుడు 1990ల చివరి నాటి తెలుగు వెబ్ పుటలలో ‘భవానీపురం’ అనే మాట కోసం వెతికాడనుకుందాం. ఆ మాట ఉన్న పుట కళ్ళెదుటే ఉన్నా వెతుకులాటలో అది దొరకకపోవచ్చు. అదే కాలంలో రోమను లిపిలో రాసిన ఒక తెలుగు ఉత్తరంలో మాత్రం ఆ ఊరిపేరు వెంటనే దొరుకుతుంది. తెలుగు లిపిలో ఉన్నది దొరకక, పరాయి లిపిలో ఉన్నది దొరకడం వింతగా తోచినా, దానికి స్పష్టమైన సాంకేతిక కారణం ఉంది. ఆ కారణాన్ని బయటపెట్టడానికి పాఠ్యబ్రౌజరు మంచి గీటురాయి. పుటకున్న పైమెరుగులన్నీ తీసివేసి, అందులో నిజంగా భద్రమైన అక్షరాలేవో అది చూపుతుంది.

2. పాఠ్యబ్రౌజర్ల పుట్టుక:

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాకేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో తొలి వెబ్ బ్రౌజరును నిర్మించాడు. అది నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటరు మీద మాత్రమే పనిచేసేది. అలాంటి యంత్రాలు తక్కువమంది దగ్గరే ఉండటంతో, ఏ కంప్యూటరు మీదనైనా పనిచేసే సాదా బ్రౌజరు అవసరమైంది. అప్పటికి విద్యార్థినిగా ఉండి సెర్న్‌లో పనిచేస్తున్న నికోలా పెల్లో దానిని రచించింది. ‘లైన్ మోడ్ బ్రౌజరు’ అనే పేరుతో 1991లో అది వ్యాప్తిలోకి వచ్చింది. పుటలోని పాఠ్యం వరుసగా తెరపై వచ్చేది. ప్రతి లంకె పక్కన ఒక అంకె ఉండేది. పాఠకుడు ఆ అంకెను టైపు చేస్తే తరువాతి పుట తెరుచుకొనేది.

1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో లూ మాంటుల్లి, మైకేల్ గ్రోబ్, చార్లెస్ రెజాక్ కలిసి విశ్వవిద్యాలయ సమాచారాన్ని విద్యార్థులకు అందించేందుకు ‘లింక్స్’ అనే సాధనాన్ని తయారుచేశారు. 1993లో అది వెబ్ బ్రౌజరుగా మారింది. కమాండ్ లైనులో దాని పేరు, పక్కన పుట చిరునామా టైపు చేస్తే చాలు. పై, కింది బాణాలతో లంకెల మధ్య కదలవచ్చు. కుడి బాణంతో లంకెలోకి వెళ్ళవచ్చు, ఎడమ బాణంతో వెనక్కి రావచ్చు. మౌసు అవసరం లేదు. నేటికీ నిర్వహణలో ఉన్న బ్రౌజర్లలో ఇదే అతి పాతది.

దీని తరువాత జపానులో అకినోరి ఇటో 1995లో ‘డబ్ల్యూ3ఎమ్’ను రచించాడు. పట్టికలను సక్రమంగా చూపడం దాని విశేషం. 1999లో చెక్ దేశీయుడు మికులాష్ పతోచ్కా మరొక పాఠ్యబ్రౌజరును తెచ్చాడు. దాని పేరు కూడా తెలుగు ఉచ్చారణలో ‘లింక్స్’ అనే అవుతుంది కనుక, ఈ వ్యాసంలో ‘లింక్స్’ అన్నచోటల్లా కాన్సాస్ బ్రౌజరునే గ్రహించాలి.

3. భారతదేశంలో అక్షరమాత్ర అంతర్జాలం:

భారతదేశంలో విద్యాపరిశోధనా సంస్థల జాలం ఎర్నెట్ 1986లో ప్రారంభమైంది. ఇందులో తొలుత భాగస్వాములైన సంస్థలు ఎనిమిది: అయిదు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రం, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ. వీటిలో ఆంధ్రప్రదేశ్ సంస్థ ఒక్కటీ లేదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు అంతర్జాల సేవలు ప్రారంభించినప్పుడు కూడా ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకే తొలి అవకాశం దక్కింది. ప్రైవేటు సంస్థలకు అనుమతి 1998 నవంబరులో గాని రాలేదు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారిలో ఎందరికో అంతర్జాలం మొదట పరిచయమైంది చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన దూరదేశాలలోనే.

ఆనాటి సేవలలో రెండు రకాల ఖాతాలు ఉండేవి. బొమ్మలతో సహా పుటలను చూడగల ఖాతా ఖరీదైనది. విద్యార్థులకు అందుబాటులో ఉన్నది ‘షెల్ ఖాతా’. షెల్ ఖాతాలో బ్రౌజరు పాఠకుని ఇంటి కంప్యూటరులో ఉండదు. సేవాసంస్థ కంప్యూటరులోనే లింక్స్ నడుస్తుంది. టెలిఫోను తీగ మీదుగా దాని తెర మాత్రమే ఇంటికి చేరుతుంది.

దీనివల్ల కలిగే లాభాన్ని సులువుగా లెక్కించవచ్చు. పాఠ్య తెరకు సాధారణంగా 80 నిలువు వరుసలు, 24 పంక్తులు ఉంటాయి. అంటే ఒక తెరలో 1,920 అక్షరాలు పడతాయి. సెకనుకు 9,600 బిట్ల వేగంతో పనిచేసే మోడెము, అక్షరానికి 10 బిట్ల చొప్పున, నిండు తెరను 2 సెకన్లలో అందిస్తుంది. అదే మోడెము మీద 100 కిలోబైట్ల బొమ్మ ఒక్కటి దిగడానికి దాదాపు 107 సెకన్లు పడుతుంది. టెలిఫోను బిల్లు నిమిషాల మీద పెరిగే రోజులలో ఈ తేడా చిన్నది కాదు.

అయితే ఈ తెర మీద తెలుగుకు చోటు లేదు. పాఠ్య తెరలోని 1,920 గడులూ సమాన వెడల్పు గలవి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రోమను అక్షరం, అంకె లేదా విరామచిహ్నం కూర్చుంటుంది. గుణింతాలు, ఒత్తులు, ద్విత్వ సంయుక్తాలు గల లిపి ఆ గడులలో ఇమడదు.

4. లిపి లేకుండా భాష – ఆర్.టి.ఎస్.:

అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఈ చిక్కును లిపి మార్పుతో దాటారు. 1990ల తొలినాళ్ళలో యూజ్‌నెట్‌లో తెలుగువారి చర్చావేదిక ఏర్పడింది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు రాతకు ఒక రోమను లిప్యంతరీకరణ పద్ధతి స్థిరపడింది. అదే ఆర్.టి.ఎస్. ఆ పద్ధతిలో రాసిన పాఠ్యాన్ని తెలుగు లిపిలోకి మార్చే ‘రిట్’ అనే సాధనాన్ని ఆనంద కిశోర్, కన్నెగంటి రామారావు రూపొందించారు.

ఆర్.టి.ఎస్.లో తెలుగు వర్ణాలను గుర్తించడానికి రోమను లిపిలోని చిన్న, పెద్ద అక్షరాల తేడాను వాడుకున్నారు. చిన్న ‘టీ’ త-కారానికి, పెద్ద ‘టీ’ ట-కారానికి గుర్తు. చిన్న ‘డీ’ ద-కారం, పెద్ద ‘డీ’ డ-కారం. న-ణ, ల-ళ జంటలకూ ఇదే సూత్రం. ఇంగ్లీషు స్పెల్లింగులోని సందిగ్ధత ఇందులో లేదు. ప్రతి తెలుగు అక్షరానికీ నిర్దిష్టమైన రోమను రూపం ఉండటంతో, దానిని యంత్రం ద్వారా తిరిగి తెలుగు లిపిలోకి మార్చవచ్చు.

ఆర్.టి.ఎస్. పాఠ్యం ఏ టెర్మినల్ మీదనైనా, ఏ పాఠ్యబ్రౌజరులోనైనా చెక్కుచెదరదు. చదవడానికి అలవాటు కావాలి, కంటికి ఇంపుగా ఉండదు. కాని అందులోని ప్రతి చిహ్నం ఒక తెలుగు వర్ణానికి ప్రతినిధి. లిపి మారినా భాష చెడలేదు.

5. ఫాంటు సంకేతాలు – కంపోజింగు అరల వారసత్వం:

1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్ వచ్చాక అంతర్జాలం బొమ్మల బాట పట్టింది. ఫాంటు ఉంటే తెలుగు లిపిని తెరపై చూపడం సాధ్యమైంది. తెలుగు పత్రికలు అంతర్జాలంలో అడుగుపెట్టినప్పుడు ఈ దారినే ఎంచుకున్నాయి. ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటును తయారుచేయించుకుంది.

ఈ పద్ధతి స్వభావం తెలియాలంటే విజయవాడ ముద్రణాలయాలను గుర్తుచేసుకోవాలి. ఏలూరు రోడ్డు ప్రచురణ సంస్థలకు పుస్తకాలు కూర్చిన కంపోజిటర్లు చెక్క అరలలో సీసపు టైపులను విడివిడిగా ఉంచుకొనేవారు. గుణింతాల అచ్చులు, ఒత్తుల అచ్చులు వేరువేరు గూళ్ళలో ఉండేవి. కంపోజిటరు చేతిలో అక్షరం అంటే ఆకారాల కూర్పు. డి.టి.పి. వచ్చాక సీసం పోయింది గాని ఆ పద్ధతి పోలేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో రోమను అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాల ముక్కలను అమర్చారు. అక్షర శరీరం ఒకచోట, తలకట్టు ఒకచోట, ఒత్తు మరొకచోట ఉంటాయి. వాటిని కూర్చితే తెరమీద, కాగితం మీద అందమైన తెలుగు వస్తుంది. ఫైలులో మాత్రం రోమను అక్షరాలు, వింత చిహ్నాలు వరుసగా ఉంటాయి.

ముద్రణకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయింది. కాగితం మీద ఆకారమే సర్వస్వం కనుక అందులో దోషమేమీ లేదు. వెబ్ పుట విషయంలో అలా కాదు. దానిని వెతకాలి, నకలు తీయాలి, ఉటంకించాలి. ఫాంటు సంకేతంలో ఉన్న పత్రికా పుటను లింక్స్‌లో తెరిస్తే తెలుగు మాయమై, అర్థంలేని చిహ్నాల గుంపు కనిపిస్తుంది. ఒక పత్రికలో ‘భ’ను సూచించిన చిహ్నం మరొక పత్రికలో వేరే అక్షరానికి గుర్తు. అందుకే ‘భవానీపురం’ అని వెతికితే దొరకదు. ఆ పుటలో అచ్చంగా ఆ ఊరిపేరు లేదు. ఆ పేరులా కనిపించే ఆకారాలు మాత్రమే ఉన్నాయి.

బొమ్మల రూపంలో ఉన్న తెలుగు పరిస్థితి ఇంకా కష్టం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను పుట పుటగా ఫొటోలు తీసి భద్రపరచింది. ఆ సేవ విలువైనది. అయినా పాఠ్యబ్రౌజరుకు ఆ పుట ఒక ఫైలు పేరు మాత్రమే.

6. వర్ణానికే సంకేతం – ఇస్కీ నుంచి యూనికోడు దాకా:

భారతీయ భాషల కోసం దేశంలో మరొక ప్రయత్నం ముందే సాగింది. ఐఐటీ కాన్పూరులో మొదలై, 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థ చేతికి వచ్చిన ‘జిస్ట్’ సాంకేతికత పాఠ్య తెరపైనే భారతీయ లిపులను చూపగలిగింది. కంప్యూటరులో అమర్చే ప్రత్యేక కార్డు దీనికి ఆధారం. ఇందులో పాఠ్యం భద్రమైనది ‘ఇస్కీ’ అనే సంకేతంలో. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని జాతీయ ప్రమాణంగా ప్రకటించింది. ఇస్కీ ఆకారాన్ని కాక వర్ణాన్ని భద్రపరుస్తుంది. క-కారం, పొల్లు, ష-కారం వరుసగా ఫైలులో ఉంటాయి. వాటిని ‘క్ష’గా చూపడం తెర బాధ్యత. కార్డు లేనివాడికి మాత్రం ఈ తెలుగు కనిపించదు కనుక అంతర్జాలంలో అది విస్తరించలేదు.

1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. వాటి అమరికకు 1988 నాటి ఇస్కీ ఆధారం. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడం, తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లకు యూనికోడు రూపాలు అందించడం వల్ల సామాన్య పాఠకునికి యూనికోడు తెలుగు అందుబాటులోకి వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైంది.

ఇక్కడ ఒక సంబంధాన్ని గమనించాలి. పైకి చూస్తే ఆర్.టి.ఎస్., ఇస్కీ, యూనికోడు మూడూ వేరు. మొదటిది విద్యార్థుల అవసరంలోంచి పుట్టింది. రెండవది ప్రభుత్వ ప్రమాణం. మూడవది అంతర్జాతీయ ఒప్పందం. కాని మూడింటి మూలసూత్రం ఒకటే: ఉచ్చరించే వర్ణక్రమాన్ని ఫైలులో భద్రపరచి, ఆకారాన్ని తెరకు వదిలివేయడం. ఫాంటు సంకేతాలు ఈ వరుసలో ఇమడవు. అవి ఆకారాన్ని భద్రపరచి, వర్ణాన్ని పాఠకుని కంటికి వదిలివేశాయి.

ఈ తేడా ఫలితం తరువాతి కాలంలో తేలింది. ఆర్.టి.ఎస్. పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చడానికి ఒక్క నియమావళి చాలింది. ఫాంటు సంకేతాలను మార్చడానికి మాత్రం ప్రతి ఫాంటుకూ వేరే పట్టిక తయారుచేయవలసి వచ్చింది. తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే సాధనాన్ని నిర్మించి, ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్లను ఒక్కొక్కటిగా విశ్లేషించి, వాటిని యూనికోడులో చదివే వీలు కల్పించారు. 1998లో అమెరికా నుంచి వెలువడటం మొదలైన ‘ఈమాట’ పత్రిక తన పాత సంచికలను కూడా యూనికోడులో అందిస్తున్నది. అలాంటి పూనిక ఎవరూ వహించని పుటలు అర్థంకాని చిహ్నాలుగానే మిగిలిపోతాయి.

7. టెర్మినల్‌లో యూనికోడు తెలుగు:

యూనికోడు వచ్చాక పాఠ్యబ్రౌజరులో తెలుగు సమస్య పూర్తిగా తీరిందని చెప్పలేం. టెర్మినల్ నేటికీ గడుల తెరే. ఏ సంకేతానికి ఎన్ని గడులు కేటాయించాలో లెక్కించే పద్ధతుల్లో మార్కస్ కూన్ రచించినది ప్రసిద్ధం. దానిలో యూనికోడు వర్గీకరణను బట్టి కొన్ని తెలుగు గుర్తులకు సున్న గడులు, కొన్నింటికి ఒక గడి వస్తాయి. దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, పొల్లు మొదటి వర్గం. కొమ్ము, వట్రసుడి, సున్న రెండవ వర్గం.

మూడు స్థానిక నామాలతో దీనిని పరీక్షించవచ్చు. ‘విజయవాడ’లో 5 అక్షరాలు, 7 సంకేతాలు, 21 బైట్లు ఉన్నాయి. గుడికి, దీర్ఘానికి గడులు లేవు కనుక టెర్మినల్ దీనికి 5 గడులు ఇస్తుంది. అక్షరాల సంఖ్య, గడుల సంఖ్య సమానం. ‘భవానీపురం’లోనూ 5 అక్షరాలే ఉన్నాయి. సంకేతాలు 9, బైట్లు 27. కొమ్ముకు ఒకటి, సున్నకు ఒకటి అదనంగా లెక్కకు రావడంతో 7 గడులు అవుతాయి. ‘కృష్ణ’లో ఉన్నవి 2 అక్షరాలే అయినా 5 సంకేతాలు, 15 బైట్లు. వట్రసుడికి ఒక గడి, ఒత్తుగా మారే ణ-కారానికి ఒక గడి పడి మొత్తం 4 గడులు అవుతాయి. ఒకే పంక్తిలో ఈ మూడు పేర్లూ వస్తే విజయవాడ ఇముడుతుంది, భవానీపురం సాగుతుంది, కృష్ణ చెదురుతుంది.

ఎమ్‌ఎల్‌టెర్మ్ వంటి కొన్ని టెర్మినళ్ళు భారతీయ లిపుల కూర్పును ప్రత్యేకంగా చేపట్టాయి. జపానీ భాష అవసరాల వల్ల బహుభాషా వ్యవస్థల మీద శ్రద్ధ పెట్టిన జపానీయుల కృషి ఇందులో ముఖ్యమైనది. డబ్ల్యూ3ఎమ్ బహుభాషా రూపం కూడా అక్కడిదే.

గడుల లోపం తెరకు సంబంధించినదే గాని పాఠ్యానికి సంబంధించినది కాదు. లింక్స్‌లో ‘డంప్’ అనే ఐచ్ఛికం ఉంది. దానిని వాడితే పుట తెరపై నిలిచే బదులు సాదా పాఠ్యంగా బయటికి వస్తుంది. దానిని ఫైలులోకి మళ్ళించుకోవచ్చు. పంక్తుల విరుపులో తేడాలు రావచ్చు గాని ఆ ఫైలులోని తెలుగు సంకేతక్రమం మూలంలో ఉన్నట్లే ఉంటుంది. మరొక కంప్యూటరులో, మరొక ఫాంటుతో తెరిస్తే కృష్ణ కృష్ణగానే కనిపిస్తుంది. ఫాంటు సంకేతపు పుటలో జరిగేది దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ తెరమీద అంతా సవ్యంగా ఉంటుంది, ఫైలులో భాష ఉండదు.

చూపులేని పాఠకుల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. తెరచదువరి సాఫ్ట్‌వేరుకు ఆకారాలతో పని లేదు. ఈస్పీక్ వంటి వాచక వ్యవస్థలు తెలుగును పలకగలుగుతున్నాయంటే, వాటికి వర్ణక్రమం అందుతున్నందువల్లనే. పాఠ్యబ్రౌజరుకు అందని పుట వారికీ అందదు.

8. ముగింపు:

● షెల్ ఖాతాలు, పాఠ్య తెరలు విధించిన పరిమితి వల్లనే ఆర్.టి.ఎస్. వంటి కట్టుదిట్టమైన లిప్యంతరీకరణ పద్ధతి తెలుగువారిలో నిలదొక్కుకుంది. రూపంలో తెలుగులా కనిపించని ఆ పాఠ్యమే తెలుగు వర్ణక్రమాన్ని భద్రంగా మోసింది.

● ఫాంటు సంకేతాలు విజయవాడ వంటి ముద్రణ కేంద్రాల కంపోజింగు సంప్రదాయానికి కొనసాగింపు. కాగితానికి తగిన ఆ పద్ధతిని వెబ్ పుటకు వాడటం వల్ల 1990ల చివరి, 2000ల తొలి సంవత్సరాల తెలుగు పాఠ్యంలో చాలా భాగం వెతుకులాటకు అందకుండా పోయింది.

● ఆ కాలపు పత్రికలను, వెబ్ పుటలను ఆధారంగా తీసుకొనే పరిశోధకులు ‘వెతికితే దొరకలేదు’ అన్న ఫలితాన్ని ‘అప్పట్లో ఎవరూ రాయలేదు’ అనే నిర్ణయంగా స్వీకరించరాదు. పుట ఏ సంకేతంలో ఉందో ముందుగా నిర్ధారించుకోవడం ఆధార విమర్శలో భాగం కావాలి. తాళపత్రం చేతికి వచ్చినప్పుడు లిపిని, లేఖన సంప్రదాయాన్ని పరిశీలించడం వంటిదే ఇది.

● ఈ నిర్ధారణకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు. పుటను పాఠ్యబ్రౌజరులో తెరిచి చూడడం చాలు. తెలుగు సంకేతాలు వస్తే అది భద్రమైన పాఠ్యం. రోమను లిపిలో క్రమబద్ధమైన తెలుగు వస్తే మార్చుకోదగిన పాఠ్యం. వింత చిహ్నాలు వస్తే ఆ ఫాంటు పట్టిక దొరికేదాకా మూతపడిన పాఠ్యం. ఫైలు పేరు మాత్రమే వస్తే అది ఇంకా అక్షరాలలోకి రావలసిన చిత్రం.

● విజయవాడ ప్రచురణ సంస్థల వద్ద డి.టి.పి. ఫైళ్ళుగా ఉన్న పుస్తకాల భవిష్యత్తు కూడా ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. ఆ ఫాంట్లు, వాటి పట్టికలు అందుబాటులో ఉన్నప్పుడే వాటిని యూనికోడులోకి మార్చడం తేలిక. పట్టిక పోయాక మిగిలే మార్గం అచ్చు పుస్తకాన్ని ముందు పెట్టుకొని మళ్ళీ టైపు చేయడమే.